ప్రతివాది కుర్చీ

మెల్కియోర్ స్ట్రైఫ్ గారు పోయి నేటికి మూడు రోజులు.
మరణవార్త నన్నే కూర్చమన్నారు.
అక్షరాలు నాకు తిరగబడే తెలుసు.
పన్నెండో ఏట ఈ గదిలో కాగితాలు మడవడానికి వచ్చి
సీసం ముక్కల మీద చదువు నేర్చినదాన్ని.
ఇప్పటికీ చర్చిలో పాటల పుస్తకం కన్నా
అద్దంలో కనపడే దుకాణం బోర్డు తేలిగ్గా చదువుతాను.

మొదట ఆయన వకీలు.
గ్లారుస్ లోయలో నల్లకోటు వాళ్ళందరిలో
బూట్లకు పేడ అంటేది ఆయనొక్కడికే అనేవారు.
అద్దకం మిల్లులో రోలరు కింద
మూడు వేళ్ళు పోగొట్టుకున్న కుర్రాడి కేసు
పదహారు నెలలు నడిపి ఓడిపోయాడు.
"పిల్లవాడి పరధ్యానమే కారణం" అని తీర్పు.
ఇంటికెళ్ళి దానికి శుభ్రంగా నకలు రాసుకున్నాడు.
మామగారిచ్చిన పచ్చికబయలు అమ్మేసి
జూరిక్ నుంచి ఒక ముసలి అచ్చుయంత్రాన్ని
ఎద్దుబండి మీద తోలించుకొచ్చాడు.

మొదటి సంచికలో ఆ తీర్పు తప్ప ఏమీ లేదు,
మొదటి మాట నుంచి చివరి సంతకం దాకా.
వ్యాఖ్య లేదు. ఒక్క ఆశ్చర్యార్థకం లేదు.
రెండొందలు వేస్తే నలభై అమ్ముడుపోయాయి.
మిగిలినవి జున్ను చుట్టడానికి వెళ్ళాయి;
జున్నుతో పాటు కొండమీది గుడిసెల దాకా
ఎక్కిపోయింది తీర్పు.

చందాలు బంగాళాదుంపలుగా వచ్చేవి, కట్టెలుగా వచ్చేవి,
ఒక ఏడాది చివర బతికున్న మేక వచ్చింది.
యంత్రం పిడి లాగేది ఆ రెండువేళ్ళ యోస్టే
(తర్వాత నా పెనిమిటి. అది వేరే కథ).

గది మూల ఖాళీ కుర్చీ ఒకటి ఉండేది.
ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు.
"కోర్టులో నేను నోరెత్తగానే లేచి
అడ్డం చెప్పేవాడు ఒకడుండేవాడు, ఆఫ్రా.
ఇక్కడ ఎవడున్నాడు?
చెప్పేవాడికి వినేవాడు ఎప్పుడూ లోకువే."
ప్రతి వార్తా అచ్చుకు ముందు
ఆ కుర్చీకి బిగ్గరగా చదివి వినిపించేవాడు,
చదివి ఆగేవాడు,
ఆగి, ఒక్కోసారి సగం కొట్టేసేవాడు.

ఫ్యోన్ గాలి వీచే రాత్రి ఊళ్ళో నిప్పు ముట్టకూడదు.
పొయ్యి లేదు, దీపం లేదు, చుట్ట కూడా లేదు.
కావలివాళ్ళు వీధివీధీ తిరుగుతారు.
అలాంటి రాత్రి, మర్నాడు పత్రిక రావాలి.
చీకట్లో ఆయన నోటితో చెప్పాడు,
నేను వేళ్ళతో వెతికి కూర్చాను.
కూలి మింగిన మేస్త్రీ పేరు బాల్ట్‌సర్ డ్యూర్‌స్ట్.
ఆయన నోట వచ్చింది తమ్ముడి పేరు, హిలారియస్.
ఆవుమెడ గంటలు పోతపోసుకునే మనిషి.
ఆ రాత్రి కుర్చీకి చదవలేదు.
కనిపించని కుర్చీకి ఏం చదువుతామనుకున్నాం.

మధ్యాహ్నానికల్లా
హిలారియస్ పెళ్ళానికి రొట్టె అమ్మలేదు ఎవరూ.

మరుసటి సంచిక మొదటి పేజీ, మా దగ్గరున్న అతిపెద్ద అచ్చులో:
"తప్పు నాది." కింద ఆయన సంతకం.
తర్వాత ఆ ఇంటికి నడిచి వెళ్ళాడు.
లోపలికి రమ్మనలేదు వాళ్ళు.
వాన వచ్చేదాకా గుమ్మం బయటే నిలబడి
వాన వచ్చాక కూడా నిలబడ్డాడట.
హిలారియస్ చచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు.
అది కూడా పత్రికలో వేద్దామని
నేనంటే, వద్దన్నాడు: "అది వార్త కాదు, శిక్ష."

ఇప్పుడు గురువుగారు రాసి పంపిన కాగితం నా ముందుంది:
మహానుభావుడు, లోయకు వెలుగు, అజాతశత్రువు.
నిన్న రాత్రి దీపం పెట్టి
కుర్చీ ముందు నిలబడి చదివాను.
"అజాతశత్రువు" దగ్గర నాకే నవ్వొచ్చింది. తీసేశాను.
"వెలుగు" తీసేశాను.
కాగితం వర్తకుడికి మూడువందల పన్నెండు ఫ్రాంకులు బాకీ,
అది చేర్చాను.
హిలారియస్ పేరు చేర్చాను, ఈసారి పగటిపూట,
ఒక్కో అక్షరం కిటికీ దగ్గర పట్టుకు చూసి.

యోస్ట్ పిడి మీద చెయ్యేసి చూస్తున్నాడు.
ఆగమన్నాను.
కుర్చీ ఇంకా ఏదో అనేలా ఉంది.